సంచి మూతి కట్టే చేతులేవి?

ఇంటినిండా మనుషులున్నా సంచి మూతి కట్టే చెయ్యి ఒక్కటీ లేదు. కోపంతోనే మొదలుపెడుతున్నాను. ఈ మధ్య ఏ అపార్టుమెంటులో ఏ గడప తొక్కినా ఇదే చూస్తున్నాను మరి. బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన కుక్క తిండి సంచి నోరు తెరుచుకుని ఉంటుంది. పొద్దున పూట నీడగానే ఉంటుంది గానీ మధ్యాహ్నం రెండు దాటాక పడమటి ఎండ తిన్నగా దాని మీదే పడుతుంది. సంచి పైన మెరిసే బొచ్చుతో కుక్క బొమ్మ, కోడిమాంసం ముక్కలు, క్యారెట్లు. లోపల చీమలు. రెండు వేలో మూడు వేలో పోసి కొన్న తిండి అది. కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు, పుట్టినరోజుకు కేకు కోస్తారు, దాని నోటికి రోజూ అందే తిండి ఎలా ఉందో మాత్రం ఒక్కరూ వంగి చూడరు.

మా రోజుల్లో తిండి దాచడం మీదే ఇంటి పరువు ఉండేది. మాది తెనాలి వైపు పల్లె. పంట ఇంటికి రాగానే వాకిట్లో గడ్డి మోకులు చుట్టి పురి కట్టేవాళ్లు. అడుగున ఎత్తుగా గడ్డి పరిచి, పైన వాన నీళ్లు జారిపోయేలా కప్పు వేసేవాళ్లు. కలవారి ఇళ్లలో చెక్క గాదెలుండేవి. నా ఉద్యోగమంతా ధాన్యం గిడ్డంగుల్లోనే గడిచింది కాబట్టి, జిల్లాలు తిరిగినప్పుడు రాయలసీమలో జొన్న పాతరలు చూశాను, తెలంగాణలో వెదురు గుమ్మికి మట్టీ పేడా కలిపి అలికి ఎండబెట్టడం చూశాను. ఎక్కడి పద్ధతి అక్కడిదే గానీ అందరికీ ఉన్న భయాలు అవే: తడి, ఎలుక, పురుగు. ధాన్యం లోపలికి పోసే ముందు మా నాన్నగారు గుప్పెట్లోంచి ఒక గింజ తీసి పంటికింద పెట్టి కొరికేవారు. టక్కుమని విరిగితే సరే. మెత్తగా నలిగిందంటే కళ్లంలో మళ్లీ ఆరబోయాల్సిందే, ఎవరెంత గొణిగినా.

ఇంటి లోపల అమ్మది రాజ్యం. కందులకు ఎర్రమన్ను పట్టించేది, మినుములకు బూడిద కలిపేది. ఆవకాయ జాడీకి తెల్లగుడ్డతో వాసెన కట్టేది. తడి చేత్తో జాడీ మూత తీసినవాడి వీపు మోగేది. అది ఆవిడ కోపిష్టితనం అని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. ఏడాది తిండి ఒక్క తడి చేత్తో పోతుందని ఆవిడకు తెలుసు.

ఆ ఇంట్లోనే కుక్క కూడా ఉండేది. దానికి వేరే సంచి లేదు. మధ్యాహ్నం అన్నంలో మజ్జిగ పోసి పెడితే తినేది. కూర వండిన రోజు ఎముక దొరికేది. సీమలో అయితే సంగటి ముద్ద, తెలంగాణ పల్లెల్లో గటక. ఆ కుక్కల బతుకు ఇప్పటికంటే మేలని నేననను. టీకాల్లేవు, చాలావాటికి పక్కటెముకలు కనిపించేవి, పిల్లలు పుడితే సగం చచ్చిపోయేవి. అన్నం ఒక్కటే దానికి చాలేది కూడా కాదు. కానీ దానికి పెట్టింది ఆ పూట వండిందే. మనుషులు తిన్న గాదెలోదే అదీ తిన్నది. గాదెను కాచినవాళ్లు దాని తిండినీ కాచినట్టే. ఇప్పుడు దాని తిండి వేరే సంచిలోకి వెళ్లింది. ఇంట్లో ఆ సంచి ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. అమ్మాయి తెచ్చింది అని తల్లి అంటుంది, పనిమనిషి పెడుతుంది అని అమ్మాయి అంటుంది.

ఆ సంచిలో ఉన్నదేమిటో తెలిస్తే ఇలా వదిలేయరేమో. కుక్కల కోసమని తిండి తయారు చేసి అమ్మడం కొత్తదేమీ కాదు. 1860 ప్రాంతంలో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ కుక్కలకు బిస్కెట్లు చేసి అమ్మడంతో అది మొదలైంది. ఇప్పుడు మనం చూసే ఉబ్బిన గుండ్రటి గుళికలు 1957లో అమెరికాలో ప్యూరినా సంస్థ తెచ్చిన పద్ధతివి. మొక్కజొన్న, గోధుమ, బియ్యం, మాంసపు పొడి అన్నీ మెత్తగా మరపట్టి, ఆవిరితో ముద్ద చేసి, ఒత్తిడి మీద చిన్న కన్నాల్లోంచి బయటికి నెడతారు. కన్నం దాటగానే ఒత్తిడి తగ్గి ముద్ద ఉబ్బుతుంది. కత్తి దాన్ని తుంచుతుంది. తర్వాత తేమ పది శాతానికో అంతకంటే కిందికో దిగేదాకా ఆరబెడతారు. ఆఖరున దాని మీద కొవ్వు, రుచి ద్రవాలు చల్లుతారు. కుక్క పరుగెత్తుకొచ్చేది ఆ కొవ్వు వాసనకే. ముందుగా చెడేదీ ఆ కొవ్వే.

గిడ్డంగిలో పనిచేసినవాణ్ని గనుక నాకు ఇది ధాన్యం భాషలోనే అర్థమవుతుంది. వడ్లకు పొట్టుంది, లోపల గింజ ప్రాణంతో ఉంది, అందుకే తేమ చూసుకుని దాస్తే ఏళ్లు నిలుస్తాయి. పొట్టు తీసి బియ్యం చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. బియ్యాన్ని పిండి చేస్తే ఇంకా తగ్గుతుంది. తవుడు సంగతి చెప్పనే అక్కర్లేదు. మిల్లులో గింజ నుంచి విడిపోయిన గంటల్లోనే దానిలోని నూనె విరగడం మొదలవుతుంది. తవుడు నూనె ఫ్యాక్టరీల వాళ్లు తాజా తవుడు కోసం లారీలు పరుగెత్తించేది అందుకే. గింజను ఎంత విప్పితే అంత తొందరగా పోతుంది. మరి కుక్క తిండి? అది పిండి పట్టింది, ఉడికింది, ఉబ్బింది, లోపలంతా గాలి గదులు ఏర్పడ్డాయి, పైన కొవ్వు పూసుకుంది. దానికి పొట్టు లేదు. కంపెనీవాడు ఇచ్చిన సంచే దానికి పొట్టు.

ఈ ఒక్క మాట ఇళ్లలోకి వెళితే నా సగం కోపం తగ్గుతుంది. ఆ సంచిని బొమ్మ కోసం చేయలేదు. కొవ్వు బయటికి ఊరకుండా, గాలీ తేమా లోపలికి రాకుండా పొరల మీద పొరలు వేసి చేస్తారు. మనవాళ్లు ఇంటికి తేగానే చేసే మొదటి పని దాన్ని కత్తెరతో అడ్డంగా కోసి, తిండిని బకెట్‌లో బోర్లించి, సంచిని చెత్తబుట్టలో పడేయడం. ఆ బకెట్ చాలా ఇళ్లలో రంగు డబ్బా. గోడలకు సున్నాలూ రంగులూ వేసినప్పుడు మిగిలిన ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, కడిగి పెట్టుకున్నది. అది తిండి కోసం చేసిన ప్లాస్టిక్ కాదు. ఆ డబ్బాలో మీ పిల్లలకు బియ్యం పోస్తారా అని అడిగితే మొహం చిట్లిస్తారు.

మంచి డబ్బాయే కొన్నారనుకుందాం. అందులోనూ తిండిని విడిగా పోస్తే కొవ్వు గోడలకు అంటుకుంటుంది. అడుగున పొడి మిగులుతుంది. నెల తిరక్కుండానే ఆ జిడ్డు కంపు కొడుతుంది. అప్పుడు కొత్త సంచి తెచ్చి అదే జిడ్డు మీద పోస్తారు. పాతది అడుగున అలాగే ఉంటుంది, పైది వాడుతూ ఉంటారు, మళ్లీ పైన పోస్తారు. మా గిడ్డంగిలో ఇలా చేసినవాడికి చార్జిమెమో వచ్చేది. ముందు వచ్చిన సరుకు ముందు వెళ్లాలి, కొత్త సరుకు దించే ముందు నేల ఊడ్చి, సందుల్లోంచి పాత గింజలు ఏరి పారేయాలి. పురుగు ఎప్పుడూ మిగిలిపోయిన పిడికెడులోంచే కొత్త బస్తాలోకి పాకుతుంది. అందుకని చేయాల్సింది ఇది: తిండిని సంచిలోనే ఉంచి, లోపలి గాలి పోయేలా అదిమి, మూతిని రెండు మూడు మడతలు మడిచి క్లిప్పు పెట్టి, సంచితో సహా బిగుతైన మూత ఉన్న డబ్బాలో పెట్టండి. సంచి ఖాళీ అయిన ప్రతిసారీ డబ్బాను సబ్బుతో కడిగి, చుక్క తడి లేకుండా ఆరనిచ్చి, అప్పుడే కొత్త సంచి దించండి. గంట పని కూడా కాదు. తిండి తీయడానికి ఒక గరిటెనో చిన్న డబ్బానో విడిగా ఉంచండి. కుక్క మూతి పెట్టిన గిన్నెతో సంచిలోంచి తోడడం చూశాను, చొంగ తడితో సహా. మా అమ్మ ఉంటే వాళ్ల వీపు కూడా మోగేది.

సంచిని నేల మీద పెట్టకండి. సిమెంటు నేలకు తేమ పీల్చే గుణం ఉంది, ముఖ్యంగా వానాకాలంలో, ముఖ్యంగా కింది అంతస్తులో. మేము బస్తాలు నెట్టు కట్టే ముందు అడుగున చెక్క చట్రాలు పరిచేవాళ్లం, గోడకూ నెట్టుకూ మధ్య మనిషి నడిచేంత సందు వదిలేవాళ్లం. హమాలీలు అలసిపోయి గోడకు ఆనించి పేరిస్తే మళ్లీ తీయించి పెట్టించినవాణ్ని నేను. ఇంట్లో అంత అక్కర్లేదు. చిన్న పీట చాలు. చీమల బాధ ఉంటే పీట కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టండి, ఇదివరకు పాల బీరువా కాళ్లకు పెట్టినట్టు.

ఎలుకల మాట కాస్త గట్టిగానే చెప్పాలి. ప్లాస్టిక్‌ను ఎలుక ఒక రాత్రిలో కొరికేస్తుంది. అది తిన్న తిండి లెక్క కాదు, వదిలిన మూత్రమే ప్రమాదం. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఎలుక మూత్రం వల్ల కుక్కలకూ వస్తుంది, మనుషులకూ వస్తుంది. కాలేయాన్నీ మూత్రపిండాలనూ పట్టుకుంటుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. గ్రౌండ్ ఫ్లోరు ఇళ్లవాళ్లు, పెరడు ఉన్నవాళ్లు కుక్క తిండికి రేకు డబ్బానో స్టీలు డబ్బానో పెట్టుకోవాలి. సంచికి చిన్న కన్నం కనిపించినా ఆ తిండిని ఇక పెట్టకూడదు. పై భాగం తీసేసి అడుగుది వాడదాం అనుకోకండి.

ఇక ఎండ. కుక్క తిండిని 27 డిగ్రీల లోపు వేడిలో పొడిచోట ఉంచమని అమెరికాలో ఆహారాన్నీ మందులనూ చూసే ఎఫ్‌డీఏ చెబుతుంది. విజయవాడలో, రామగుండంలో ఏప్రిల్, మే నెలల్లో ఈ మాట వింటే నిట్టూర్పే వస్తుంది. బయట నలభై నాలుగు, నలభై అయిదు. ఇంట్లో రాత్రి పూట కూడా ముప్పై దిగదు. కాకినాడ, విశాఖల్లో అయితే వేడికి తోడు సముద్రపు తేమ. అందుకే మనకు జాగ్రత్త వాళ్లకంటే ఎక్కువ కావాలి. ఇంట్లో అన్నిటికంటే చల్లటి గది ఏదో, ఏ గోడకు ఎండ తగలదో చూసి అక్కడ పెట్టండి. పొయ్యి పక్కన వద్దు, రేకుల షెడ్డులో వద్దు, కారు డిక్కీలో అసలే వద్దు. ఫ్రిజ్‌లో పెడతామంటారు కొందరు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి సంచి మూతి మన గాలిలో తెరవగానే లోపల చెమ్మ పడుతుంది, రోజుకు రెండుసార్లు. ఆ చెమ్మే బూజుకు మొదలు. వేసవిలో చిన్న సంచులు కొనడమే మనకున్న అసలైన ఉపాయం.

చిన్న సంచి అంటే ఇంట్లో గొడవ. పెద్ద సంచికి కిలోకు యాభయ్యో అరవయ్యో తక్కువ పడుతుందట. మా కింది అంతస్తులో ఒక పామేరియన్ ఉంది, నాలుగైదు కిలోల బరువు ఉంటుందేమో. రోజుకు తినేది వంద గ్రాములు మించదు. దానికి ఇరవై కిలోల సంచి తెచ్చారు, ఆఫర్ ఉందని. లెక్క వేయండి: ఆ సంచి అయిపోవడానికి ఆరు నెలలు దాటుతుంది. విప్పిన సంచి నాలుగు వారాల్లో, మహా అయితే ఆరు వారాల్లో అయిపోవాలి. సంచి మీద ఏడాదో ఏడాదిన్నరో గడువు వేసి ఉంటుందని నాకు చూపించారు. ఆ తేదీ విప్పని సంచికి వేసింది. కత్తెర పడ్డ నిమిషం నుంచి వేరే లెక్క మొదలవుతుంది. ముప్పై కిలోల లాబ్రడార్ ఉన్న ఇంట్లో రోజుకు మూడు వందల యాభై, నాలుగు వందల గ్రాములు పోతాయి కాబట్టి పది, పన్నెండు కిలోలు నెలకు సరిపోతాయి. పామేరియన్‌కు మూడు కిలోలు చాలు. కుక్క కడుపును బట్టి సంచి కొనాలి. ఆఫర్‌ను బట్టి కొంటే మిగిలిన డబ్బు పశువుల డాక్టరుకు ఇవ్వాల్సి వస్తుంది.

కొవ్వు చెడిందంటే వాసన ఒక్కటే మారదు. దానిలోని విటమిన్ ఏ, విటమిన్ ఇ, చర్మానికీ బొచ్చుకూ కావాల్సిన కొవ్వు ఆమ్లాలు కూడా పోతాయి. కంపెనీలు తిండిలో కొవ్వు చెడకుండా ఏదో ఒకటి కలుపుతాయి. కొందరు బీహెచ్ఏ, బీహెచ్‌టీ లాంటి రసాయనాలు, కొందరు విటమిన్ ఇ జాతికి చెందిన టోకోఫెరాల్స్, రోజ్‌మేరీ సారం. సహజమైనవి వాడాం అని పెద్ద అక్షరాలతో వేసుకున్న సంచులకు మంచి పేరుంది, మంచిదే. అవి ఆ రసాయనాలంత కాలం కాపాడలేవు. ఖరీదైన సంచికి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలన్నమాట. ఈ మాట కొట్టులో ఎవరూ చెప్పరు.

కుక్కకు మాత్రం తెలుస్తుంది. దాని ముక్కు ముందు మన ముక్కు ఎంత? గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి పక్కకు తిరుగుతుంది. అప్పుడు మన పిల్లలు అనే మాట విని నాకు ఒళ్లు మండుతుంది. “దీనికి పొగరెక్కింది తాతయ్యా, చికెన్ మరిగింది.” పొగరు కాదమ్మా, ఆ గిన్నెలో పాత నూనె కంపు ఉంది. దాని మీద చికెన్ ఉడికిన నీళ్లు పోసి కలిపి తినిపిస్తారు. పాపం, మాటరాని జీవి. తనకు చేతనైన ఒకే ఒక్క విధంగా అది వద్దని చెప్పింది, ఆ వద్దన్నదాన్ని మనం పులుసు కింద దాచిపెట్టి దాని గొంతులోకి దించాం. ఎప్పుడూ తినే కుక్క ఉన్నట్టుండి మానేస్తే మొదట సంచిలో ముక్కు పెట్టి చూడండి. తాజా తిండికి మాంసం, కాల్చిన పిండి కలిసిన వాసన ఉంటుంది. చెడినదానికి వారాల తరబడి మూత వేయని నూనె సీసా వాసన వస్తుంది. ముక్కిన వాసన వస్తే బూజు. గుళికల మధ్య సన్నటి పోగులు అల్లుకుని ఉంటే చిమ్మెట గూళ్లు. అడుగున గోధుమరంగు పొడి కొద్దిగా కదులుతున్నట్టు కనిపిస్తే కంటికి ఆననంత చిన్న పురుగులు, వాటివల్ల కొన్ని కుక్కలకు ఒళ్లంతా దురద పడుతుంది. ఆ దురదకు సబ్బు మార్చి, షాంపూ మార్చి, ఇంజెక్షన్లు చేయించి, సంచిని మాత్రం మార్చని ఇళ్లు నాకు తెలుసు. కుక్క తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే, కళ్లూ చిగుళ్లూ పచ్చబడితే ఇంట్లో కూర్చోకండి. ఆ సంచి వెంట పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బూజు మాట ఎత్తాను గనుక కొంచెం నిలబడతాను. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెతికితే అవి తిన్న దాణాలోని వేరుశనగ చెక్కలో బూజు, ఆ బూజు చేసిన విషం. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. వేరుశనగ, మొక్కజొన్న రెండూ దానికి ఇష్టమైనవే, రెండూ మన నేల పంటలే. అనంతపురంలో వేరుశనగ కాయలు ఒలిచేటప్పుడు నల్లబడ్డ పప్పును, ముడుచుకున్న పప్పును ఆడవాళ్లు చేత్తో ఏరి అవతల పారేయడం నేను చూశాను. విషం పేరు వాళ్లకు తెలియదు. నోట్లో వేసుకుంటే చేదు, పశువుకు పెట్టకూడదు, అంతే తెలుసు, అది చాలింది. ఈ విషానికి ఒక దుర్గుణం ఉంది, మామూలు వంట వేడికి చావదు. కాబట్టి బూజు పట్టిన తిండిని వేయించో ఉడకబెట్టో పెట్టేద్దామనుకోవడం కుదరదు. 2020 చివర్లో అమెరికాలో ఒక కంపెనీ కుక్క తిండిలో ఇదే విషం మోతాదు మించి ఉండి వందకు పైగా కుక్కలు చనిపోయాయి. ఆ కంపెనీ సరుకును వెనక్కి పిలిపించారు. అది ఇంట్లో దాచడంలో వచ్చిన తప్పు కాదు, ఫ్యాక్టరీలోకి వచ్చిన మొక్కజొన్నతో వచ్చింది. కానీ వెనక్కి పిలిచినప్పుడు మన దగ్గరున్నది ఆ సరుకో కాదో తెలిసేది దేనివల్ల? సంచి మీద ఉన్న బ్యాచి నంబరు, తేదీ వల్ల. ఆ సంచిని మొదటి రోజే చెత్తలో పడేసినవాళ్లు ఏ నంబరు చూసుకుంటారు?

అంతకంటే ఘోరం విడి అమ్మకం. మా వీధి చివర కొట్లో ఇరవై కిలోల బస్తా నోరు విప్పి గుమ్మం పక్కనే పెడతారు, తక్కెడ పక్కనే. రోడ్డు దుమ్ము, బైకుల పొగ, వాన జల్లు అన్నీ దానికే. కిలో అడిగితే పల్చటి పాలిథిన్ కవరులో తూచి ముడివేసి ఇస్తారు. ఒకసారి అడిగాను:

“బాబూ, ఈ బస్తా ఎప్పుడు విప్పారు?”

“నిన్నో మొన్నో అంకుల్. మాకు రోజూ అయిపోతూనే ఉంటుంది.”

“తేదీ ఉన్న వైపు ఇటు తిప్పు, చూస్తాను.”

“అది చింపేశాం అంకుల్, తీయడానికి అడ్డమొస్తోందని.”

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. జీతానికి నిలబడ్డవాడు, అతనికి నేర్పినవాళ్లు లేరు. మా గిడ్డంగిలో చదువురాని హమాలీ కూడా ఏ నెట్టు ఏ నెలలో వచ్చిందో చెప్పగలిగేవాడు, నెట్టు ముందు కార్డు వేలాడుతూ ఉండేది గనుక, సూపర్‌వైజరు వచ్చి అడుగుతాడని భయం ఉండేది గనుక. సిద్దిపేట జిల్లాలోనే పెద్ద ఫ్యాక్టరీలో కుక్క తిండి తయారవుతోంది, అక్కడ యంత్రాలతో తేమ కొలిచి, సీలు వేసి, తేదీ కొట్టి పంపుతారు. అంత జాగ్రత్తగా బయల్దేరింది చివరి మజిలీలో, కొట్టు గుమ్మం దగ్గర, ఒక కత్తి గాటుతో పోతోంది. అడిగేవాడు లేడు. కొనేవాడికి కిలో ధర తప్ప వేరే ప్రశ్న లేదు.

ఇక్కడ నా తరంవాళ్లకూ ఒక మాట చెప్పాలి. మనకు తెలిసిన పద్ధతులన్నీ దీనికి పనికిరావు. పురుగు కనిపించగానే తిండిని మేడమీద ఎండబోసిన పెద్దవాళ్లను చూశాను. వడ్లకు, పప్పులకు ఎండ మందు. కొవ్వు పూసిన ఈ గుళికలకు ఎండే జబ్బు. ఒక్క మధ్యాహ్నం ఎండలో ఉంటే చాలు, కొవ్వు విరగడం మొదలవుతుంది. పురుగు పట్టిందంటే పారేయడమే. వేపాకులు సంచిలో వేయకండి, వాటి తడి దానికి పనికిరాదు. బూడిద, ఎర్రమన్ను అవసరం లేదు. కలరా ఉండలు, అదే నాఫ్తలీన్ గోళీలు, కుక్క తిండి దరిదాపుల్లోకి రానివ్వకండి, అవి కుక్కకు విషం. చీమల కోసం గీసే సుద్దముక్క కూడా పురుగుమందే, దాన్ని కుక్క గిన్నె చుట్టూ గీయకండి. మూతి నేలకు రాసుకుని తినే జంతువు అది. గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల ఒకటి తెచ్చి డబ్బాలో పడేస్తామని నన్నే అడిగినవారున్నారు. గాలిలో తేమ తగిలితే ఆ బిళ్ల నుంచి వచ్చే వాయువు మనిషి ప్రాణం తీస్తుంది. దాన్ని వాడేటప్పుడు మేము తలుపులు మూసి, సందులకు కాగితాలు అంటించి, బోర్డు కట్టి, శిక్షణ ఉన్నవాళ్లతో తప్ప చేయించేవాళ్లం కాదు. ఇళ్లలో దాని పేరే ఎత్తకండి.

పాతకాలం నుంచి నేర్చుకోవలసింది ఆ మందులూ ఆకులూ కాదు, రోజూ వెళ్లి చూసే అలవాటు. మా నాన్నగారు వానపడ్డ మర్నాడు పురిలోకి చెయ్యి దూర్చి వేడి చూసేవారు. అమ్మ జాడీ తీసినప్పుడల్లా వాసన చూసేది. కుక్క తిండి సంచికి ఆ రెండూ ఎవరు చేస్తున్నారు? ఆ కుక్క తన సంచిని తాను మడవలేదు, తన తేదీని తాను చదవలేదు. ఇంట్లో ఒక్కరు, అది పదేళ్ల పిల్లాడైనా సరే, సంచి నాది అని పూచీ తీసుకోవాలి. విప్పిన రోజు తేదీ పెన్నుతో సంచి మీదే రాయాలి. తిండి వేసిన ప్రతిసారీ మూతి మడవాలి. పెద్దవాళ్లు వారానికోసారి అడగాలి.

కొట్లు నడిపే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నా విన్నపం ఒకటి. విడిగా అమ్మడం మానలేకపోతే కనీసం బస్తాను గుమ్మంలోంచి లోపలికి జరపండి. మూత ఉన్న డబ్బాలో సంచితో సహా పెట్టండి. విప్పిన తేదీ దాని మీద రాయండి. తూచి ఇచ్చే కవరులో కంపెనీ పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్న చీటీ ఒకటి వేయండి. కొనేవాళ్లు ఆ చీటీ అడగండి. ఇవ్వని కొట్లో కొనకండి.